అక్క ఎందుకు చనిపోవాలి?

సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది. దాని మీద వాదన మాత్రం ఏళ్లు గడిచినా తెగదు. అందులోనూ అది హనుమంతుడి శక్తి పొందిన కుర్రాడి కథ అయితే... వాదించుకునే ఊరి పేరే హనుమాన్ జంక్షన్ అయితే... ఇక చెప్పేదేముంది!

‘‘అంత మంచి అక్కని చంపెయ్యడం ఏంటి? అన్యాయం కదా!’’

‘‘చంపకపోతే వాడికి రోషం ఎట్టా వచ్చిద్ది? కథ ఎట్టా నడిచిద్ది?’’

‘‘అంటే, తమ్ముడు వీరుడవ్వాలంటే అక్క పోవాల్సిందేనా?’’

టీ గ్లాసులు ఖాళీ అవుతాయి. మామిడికాయల లోడుతో లారీలు వచ్చి వెళ్తుంటాయి. గుడి గంట మోగుతుంది. తగువు మాత్రం తెగదు. ‘హను-మాన్’ సినిమా చూసినవాళ్లు ఏ ఇంట్లో ఇద్దరున్నా, ఏ అరుగు మీద నలుగురున్నా ఈ తరహా మాటలు వినిపిస్తూనే ఉంటాయి. 2024 జనవరి 12న, సంక్రాంతి పండక్కి విడుదలైందా సినిమా. దర్శకుడు ప్రశాంత్ వర్మ, కథానాయకుడు తేజ సజ్జా. అదే రోజు మహేష్‌బాబు ‘గుంటూరు కారం’ వచ్చింది. తర్వాతి రెండు రోజుల్లో వెంకటేష్ ‘సైంధవ్’, నాగార్జున ‘నా సామిరంగ’ వచ్చాయి. అంత పెద్ద హీరోల మధ్య చిన్న సినిమా నిలబడుతుందా అని అనుమానపడ్డవాళ్లే తర్వాత టికెట్ల కోసం వరుస కట్టారు. చూసొచ్చి ఊరుకున్నారా? లేదు. పిల్లల దగ్గర్నుంచి తాతయ్యల దాకా కథలో తప్పొప్పులు తేల్చే పనిలో పడ్డారు.

జంక్షన్ పేరులోనే ఉంది

కృష్ణా జిల్లా బాపులపాడు మండలంలో ఉంది హనుమాన్ జంక్షన్. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే జాతీయ రహదారి మీద, ఒకవైపు నూజివీడు రోడ్డు, మరోవైపు గుడివాడ రోడ్డు కలిసేచోట ఆంజనేయస్వామి గుడి. ఆ స్వామి పేరే ఊరికి స్థిరపడిపోయింది. 2022లో జిల్లాల విభజన జరిగినప్పుడు బాపులపాడు కృష్ణాలోనే ఉండిపోయింది, పక్కనున్న నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. జిల్లాలు వేరైనా తోటలు ఒకటే, కాయలు ఒకటే. బంగినపల్లి గొప్పదా, చిన్నరసం గొప్పదా అన్న తగువూ ఒకటే. ఏప్రిల్ వచ్చిందంటే నున్న మార్కెట్‌కి వెళ్లే లోడ్లతో ఈ దారులన్నీ పండ్ల వాసన వేస్తాయి.

అసలు హనుమంతుడి కథ మొదలయ్యేదే పండుతో. ఉదయిస్తున్న సూర్యుణ్ని చూసి పండనుకుని ఆకాశానికి ఎగిరిన పసివాడాయన. ఇంద్రుడి వజ్రాయుధం దెబ్బకి దవడ వాచింది, ‘హనుమ’ అన్న పేరొచ్చింది. అల్లరి ఎక్కువై మునుల్ని విసిగిస్తే ‘నీ బలం నీకు గుర్తుండదు పో’ అని వాళ్లు శపించారు. సముద్రం ఒడ్డున దిగాలుగా కూర్చున్నప్పుడు జాంబవంతుడు గుర్తుచేస్తే గానీ లంకకు ఎగరలేకపోయాడు. అమెరికావాళ్ల సూపర్‌మ్యాన్ పుస్తకాల్లోకి వచ్చింది 1938లో. ఎగిరే వీరుడు, ఆయనకో బలం, ఆ బలానికో మెలిక, ఇవన్నీ మన అమ్మమ్మలకు అంతకు ఎన్నో తరాల ముందే తెలుసు. అందుకే సూపర్‌హీరో సినిమా చూసినప్పుడు మనవాళ్లు శక్తిని చూసి నోరెళ్లబెట్టరు. ‘ఆ శక్తితో వాడు చేసిన పని న్యాయమేనా?’ అని నిలదీస్తారు.

అంజమ్మ పక్షం

కథ తెలిసిందే. సముద్రం పక్కన అంజనాద్రి అనే ఊరు. చిల్లర దొంగతనాలు చేస్తూ తిరిగే హనుమంతు. తమ్ముడే లోకంగా బతికే అక్క అంజమ్మ. ఆ పాత్ర చేసింది వరలక్ష్మీ శరత్‌కుమార్. పట్టుచీర కట్టి, పెళ్లికూతురి ముస్తాబులో కొబ్బరి గెల ఎత్తి రౌడీలను చితక్కొట్టే ఘట్టంలో థియేటర్లు ఈలలతో దద్దరిల్లాయి. శక్తులేమీ లేని ఆడమనిషి అంత పోరాటం చేస్తే, చివరికి ఆమెనే ప్రతినాయకుడి దురాశకు బలిచ్చారు రచయితలు. చూసినవాళ్లకు మింగుడుపడనిది అదే.

ఆడవాళ్లు ఇక్కడ గట్టిగా పట్టుకుంటారు. మగవాడికి పౌరుషం రావాలంటే ఇంట్లో ఆడమనిషి ప్రాణం పోవాలన్న పద్ధతి ఎన్నాళ్లు? పాత సినిమాల్లో చెల్లెలు పోయేది, కొన్నాళ్లు అమ్మ పోయింది, ఇప్పుడు అక్క వంతు వచ్చింది. పెంచి పెద్ద చేసిన మనిషి గెలుపు చూడకుండా పోతే ఆ గెలుపు ఎవరికి? ఇదీ వాళ్ల ప్రశ్న.

అవతలివాళ్ల దగ్గరా జవాబుంది. అక్క బతికున్నంత కాలం హనుమంతు ఆమె చాటు పిల్లాడే. మణి దొరికాక కూడా అతడికి ఊరి బరువు తెలియదు. ఆ చాటు పోయాకే నిలబడటం నేర్చుకున్నాడు. హనుమంతుడికి జాంబవంతుడు ఎలాగో, హనుమంతుకి అంజమ్మ అలాగ. బలం ఆమె ఇచ్చింది కాదు, కానీ ఆ బలం ఎందుకో గుర్తుచేసింది ఆమే.

వాదన బాగానే ఉంది. కానీ వెంటనే ఇంకో ప్రశ్న తన్నుకొస్తుంది. జాంబవంతుడు గుర్తుచేశాక చనిపోలేదు కదా! ఒడ్డునే కూర్చుని, హనుమంతుడు లంక నుంచి తిరిగొచ్చేదాకా ఎదురుచూశాడు. వచ్చాక కళ్లారా చూసి సంతోషించాడు. అంజమ్మకు ఆ భాగ్యం ఎందుకు లేదు? ఇక్కడికొచ్చేసరికి అవతలివాళ్లు కాసేపు టీ తాగుతారు.

దొంగ చేతికి మణా?

రెండో తగువు హనుమంతు గురించి. ఊళ్లో మంచివాళ్లు ఎంతమంది లేరు! చిల్లర దొంగకి రుధిరమణి దొరకడమేంటి? హనుమంతుడి రక్తపు బొట్టు మణిగా మారి సముద్రంలో ఉండిపోతే, దాన్ని వీడి చేతిలో పెట్టడం అపాత్రదానం కాదా?

దీనికి సినిమాలోనే సమాధానం ఉంది, కాస్త నిదానంగా చూస్తే. హనుమంతుకి మణి ఊరికే దొరకలేదు. మీనాక్షిని బందిపోట్లు చుట్టుముట్టినప్పుడు అడ్డం వెళ్లాడు. అప్పటికి అతడి దగ్గర ఏ శక్తీ లేదు. కత్తిపోటు తిన్నాడు, నీళ్లలో పడ్డాడు, అప్పుడు దొరికింది మణి. అంటే తెగువ ముందు, శక్తి తర్వాత.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబెట్టారు ప్రతినాయకుడు మైకేల్‌ని. వినయ్ రాయ్ చేసిన పాత్ర అది. చిన్నప్పుడే అతడికి సూపర్‌హీరోల పిచ్చి. సూపర్‌మ్యాన్‌ని కన్నవాళ్లు గ్రహంతో పాటే పోయారు, బ్యాట్‌మ్యాన్ తల్లిదండ్రుల్ని దొంగ కాల్చి చంపాడు, స్పైడర్‌మ్యాన్ పెదనాన్న దగ్గర పెరిగాడు. అంటే వీరుడు కావాలంటే అమ్మానాన్న ఉండకూడదన్నమాట! ఇలా లెక్కవేసుకుని కన్నవాళ్లనే మంటలకు అప్పగిస్తాడు. కథలన్నీ చదివి వాటి సారం మాత్రం వదిలేసిన పిల్లాడి లెక్క అది. కష్టం వచ్చి మీద పడితే తట్టుకోవడం ఒకటి, వీరుడనిపించుకోవడానికి కష్టాన్ని తయారుచేసుకోవడం మరొకటి. ఈ తేడా పట్టుకున్నవాళ్లకి సినిమా ఇంకో మెట్టు ఎక్కువ నచ్చింది.

కాకపోతే ఇక్కడే అంజమ్మ పక్షం మళ్లీ లేస్తుంది. ‘‘ఇంట్లోవాళ్లు పోతేనే వీరుడవుతారని మైకేల్ అనుకుంటే తప్పన్నారు. మరి హనుమంతు విషయంలో మీరు చేసిందీ అదేగా!’’ అని. ఈ బాణానికి తిరుగులేదు. సినిమా తాను వేసిన ప్రశ్నకు తానే దొరికిపోయిన చోటు అది.

పగలు సింహం... రాత్రి?

మణి పనిచేసేది ఎండ ఉన్నంతసేపే. చీకటి పడితే హనుమంతు మామూలు మనిషి. ఇదేం నిబంధన అని నవ్వినవాళ్లున్నారు. పెద్దవాళ్లు మాత్రం ఇందులో తప్పేమీ లేదంటారు. సూర్యుడు హనుమంతుడికి గురువు. ఆయన రథంతో పాటే తిరుగుతూ చదువుకున్నాడని కదా కథ. గురువు ఎదుట ఉన్నప్పుడే శిష్యుడి విద్య రాణిస్తుందనుకుంటే మెలిక అందంగానే ఉంది. పైగా బలానికి హద్దు లేకపోతే కథకు బిగి ఉండదు. అన్నీ చేయగలిగినవాడికి ఆపద ఏముంటుంది?

అసలు గొడవంతా చివరి ఘట్టం మీద. దారులన్నీ మూసుకుపోయాక విభీషణుడు పిలవడం, ఆ పాత్రలో సముద్రఖని కనిపించడం, హిమాలయాల్లో మంచుగడ్డ పగిలి స్వామి మేల్కోవడం, థియేటర్లో జనం లేచి దండాలు పెట్టడం... ఒళ్లు గగుర్పొడిచే సన్నివేశమే. కానీ దేవుడే దిగొస్తే కుర్రాడు చేసిందేముంది? పరీక్ష పిల్లాడు రాయాలి గానీ మాస్టారు రాసిపెడితే ఎలా? కుర్రకారు లేవదీసే ప్రశ్న ఇది. ‘చేతనైనంతా చేసి, ఇక చేతకాదన్నప్పుడు పిలిస్తేనే దేవుడొస్తాడు, గజేంద్రమోక్షం వినలేదా’ అన్నది పెద్దవాళ్ల మాట. ఏనుగు కూడా పోరాడీ పోరాడీ ఓడాకే పిలిచింది. ఇద్దరి మాటా కాదనలేం.

నూజివీడు బిడ్డ చేసిన మాయ

మైకేల్ పాత్రలో పస చాల్లేదన్నది మరో ఫిర్యాదు. తెలుగువాళ్లు ఈ మాట అనడంలో ఆశ్చర్యం లేదు. ప్రతినాయకుడంటే ఎలా ఉండాలో వాళ్లకు నేర్పించిన మనిషి ఎస్వీ రంగారావు. ఆయన పుట్టింది 1918 జులై 3న నూజివీడులోనే. రావణుడైనా, కీచకుడైనా, ‘భక్త ప్రహ్లాద’లో హిరణ్యకశిపుడైనా ఆయన చేస్తే చెడ్డవాడి మాటా ఒకసారి వినాలనిపించేది. ఇక 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు! రూపం మార్చగలడు, కొండంత పెరగగలడు, ఒక్కడే పెళ్లివారందరినీ ఆడించగలడు. ఇప్పటి కొలతలతో చూస్తే ఆయన్ని మించిన సూపర్‌హీరో ఎవరు? ఆ రాక్షసుణ్ని ముద్దుగా చూసుకున్న జనానికి, ముసుగేసుకున్న మైకేల్ ఆనతాడా!

అరుగుల మీద ఆనాటి యుద్ధం

ఇదంతా ఇప్పటి పిల్లలు కనిపెట్టిన కాలక్షేపం అనుకుంటే పొరపాటే. ఇద్దరు వీరుల్ని ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరిది న్యాయమో తేల్చమని జనానికి వదిలేయడం తెలుగు నాటకానికి నూరేళ్లకు పైబడిన అలవాటు.

చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ తీసుకోండి. సంధ్యవార్చుకుంటున్న కృష్ణుడి దోసిట్లో గయుడనే గంధర్వుడి ఉమ్మి పడుతుంది. వాణ్ని చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేస్తాడు. సంగతేమిటో తెలియకుండానే గయుడికి అభయమిచ్చేస్తాడు అర్జునుడు. మాట ఇచ్చినవాళ్లిద్దరూ మంచివాళ్లే, బావాబావమరుదులే. ఎవరు వెనక్కి తగ్గాలి? ఈ కథనే 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’గా తీశారు కేవీ రెడ్డి. కృష్ణుడిగా ఎన్టీఆర్, అర్జునుడిగా ఏఎన్నార్. ఒకరిది నిమ్మకూరు, మరొకరిది రామాపురం. రెండూ కృష్ణా జిల్లా ఊళ్లే, గుడివాడ చుట్టుపక్కలవే. అలాంటి ఇద్దరు తెరమీద కొట్టుకుంటే ఈ ప్రాంతంలో అభిమానులు ఊరికే కూర్చోగలరా?

‘రామాంజనేయ యుద్ధం’ మెలిక ఇంకా గట్టిది. యయాతిని చంపుతానని విశ్వామిత్రుడికి రాముడు మాటిస్తాడు. ఆ యయాతికి హనుమంతుడు అభయమిస్తాడు. దేవుడి మీద భక్తుడు తిరగబడొచ్చా? శరణన్నవాణ్ని వదిలేస్తే వాడు భక్తుడేనా? హనుమంతుడు ఆయుధం పట్టకుండా రామనామమే అడ్డుపెట్టి రామబాణాన్ని ఆపుతాడు. పద్యనాటకంగా ఊరూరా ఆడిన ఈ కథను 1975లో బాపు సినిమాగా తీస్తే, రాముడు ఎన్టీఆర్, హనుమంతుడు ఆర్జా జనార్దనరావు. తెల్లవారుజామున నాటకం అయిపోయాక బళ్ల మీద ఇళ్లకు వెళ్తూ రాముడిది తప్పా, హనుమంతుడిది తప్పా అని తేల్చుకున్న తరం మనవలే ఇప్పుడు ‘హను-మాన్’ మీద వాదిస్తున్నది.

అమెరికా వీరులు ఈ దారికి 2016లో వచ్చారు. ఆ ఒక్క ఏడాదిలోనే బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ ఒక సినిమాలో, కెప్టెన్ అమెరికా, ఐరన్‌మ్యాన్ మరో సినిమాలో కొట్టుకున్నారు. అక్కడా తగువులు ఇవే. 2013లో వచ్చిన సినిమాలో సూపర్‌మ్యాన్ జాడ్‌ని మెడ విరిచి చంపితే, ‘ప్రాణం తియ్యనివాడే కదా మా వీరుడు’ అని అభిమానులు భగ్గుమన్నారు. 2018లో ‘అవెంజర్స్’ కథలో స్టార్‌లార్డ్ ప్రియురాలి చావు వార్త విని ఆవేశపడి థానోస్‌ని కొట్టాడు. చేతికందిన గెలుపు జారిపోయింది. వాణ్ని తిట్టనివాళ్లు లేరు. కానీ సొంత మనిషి పోయిందని తెలిశాక లెక్కలు చూసుకునేవాడు ఎంతమంది ఉంటారు?

పాపికి కాపలా పని

‘హను-మాన్’ వచ్చిన ఏడాదే, జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ వచ్చింది. నాగ్ అశ్విన్ ఇందులో అశ్వత్థామను తీసుకొచ్చారు. భారతంలో నిద్రలో ఉన్న ఉపపాండవుల్ని చంపినవాడు, ఉత్తర గర్భంలోని శిశువు మీద అస్త్రం వేసినవాడు. అదే మనిషి సినిమాలో పుట్టబోయే బిడ్డకు కాపలా కాస్తాడు. గర్భానికి ద్రోహం చేసినవాడి చేతికే గర్భాన్ని అప్పగించడం... చేసిన పాపాన్ని కడుక్కునే అవకాశమా, పాపాన్ని మరిపించే మాయా? అమితాబ్ బచ్చన్ ఆ పాత్రలో నిలబడ్డ తీరు చూసి మొదటి మాటకే ఎక్కువమంది మొగ్గారు.

చివర్లో ప్రభాస్ పాత్రను కర్ణుడిగా చూపించేసరికి రెండో గొడవ. కర్ణుణ్ని అంత ఎత్తున కూర్చోబెడితే అర్జునుడు ఏమైపోవాలి? భారతం చదివినవాళ్లు నొచ్చుకున్నారు. కానీ తెలుగునాట కర్ణుడి మీద ప్రేమ కొత్తది కాదు. 1977 సంక్రాంతికి ఎన్టీఆర్ ‘దానవీరశూర కర్ణ’ తీసి, కృష్ణుడూ కర్ణుడూ సుయోధనుడూ తానే అయినప్పటి నుంచి మన ఇళ్లలో ఆ పక్షానికి ఓట్లు ఎక్కువే.

2025 సెప్టెంబరులో తేజ సజ్జాదే ‘మిరాయ్’ వచ్చింది. ఈసారి వాదన తల్లి గురించి. లోకాన్ని కాపాడటం కోసం కన్నబిడ్డను పొత్తిళ్లలోనే వదిలేస్తుంది అంబిక. శ్రియ చేసిన పాత్ర అది. లోకం కోసం బిడ్డను వదిలేయడం త్యాగమా, బిడ్డకు అన్యాయమా? మళ్లీ అదే సంగతి. వీరుడి గొప్పతనానికి ధర కడుతున్నది ఎవరు?

ఇంతకీ తేలిందేమిటి?

ఈ తగువులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. ఎవరూ బలం గురించి కొట్టుకోవడం లేదు. కొండ ఎత్తాడా, ఎంత ఎత్తు ఎగిరాడా అన్నది థియేటర్ గేటు దాటేసరికి మర్చిపోతారు. అక్కని కాపాడుకోలేకపోయాడే అన్నది మాత్రం ఇంటిదాకా వస్తుంది, భోజనాల దగ్గర కూర్చుంటుంది. కాలేజీ పిల్ల నాన్నతో వాదిస్తుంది, నానమ్మ మనవణ్ని సరిదిద్దుతుంది. మామూలుగా నోరు విప్పని విషయాలు అప్పుడు బయటకొస్తాయి. ఇంట్లో ఎవరు ఎవరి కోసం ఏం వదులుకున్నారో, అది అవతలివాళ్లకు తెలుసో లేదో, ‘అంజమ్మ పాపం’ అన్న ఒక్క మాట చాటున చెప్పుకోవచ్చు. సినిమా మీద వాదన అందుకే అంత ముద్దు.

‘హను-మాన్’ చివర్లో తెర మీద ఒక ప్రశ్న వేసి వదిలేశారు. శ్రీరాముడికి హనుమంతుడు ఇచ్చిన మాట ఏమిటి? జవాబు ‘జై హనుమాన్’లో చెబుతామన్నారు. హనుమంతుడిగా రిషబ్ శెట్టిని 2024లోనే ప్రకటించారు. 2025లో వస్తుందన్న సినిమా ఆ ఏడాది రాలేదు.

రాముడికిచ్చిన మాట సంగతి ఆ సినిమా చెబుతుంది. అంజమ్మ సంగతి మాత్రం ఎవరిళ్లలో వాళ్లు తేల్చుకోవాల్సిందే!

హనుమ కబుర్లు మరికొన్ని

* తెలుగు తెర మీద హనుమంతుడి వరంతో వీరుడైనవాడు తేజ సజ్జా మొదటివాడు కాదు. 1980లోనే వి.మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్టీఆర్ ‘సూపర్‌మ్యాన్’ చేశారు. అందులోనూ శక్తులిచ్చింది ఆంజనేయుడే.

* ‘హనుమాన్ జంక్షన్’ పేరుతో 2001లో ఒక సినిమా వచ్చింది. అర్జున్, జగపతిబాబు, వేణు కథానాయకులు. అందులో సూపర్‌హీరోలు లేరు, నవ్వులున్నాయి.

* ‘హను-మాన్’లో కోతి పేరు కోటి. దానికి గొంతిచ్చింది రవితేజ.

* అమ్ముడైన ప్రతి టికెట్టుకీ 5 రూపాయల చొప్పున అయోధ్య రామాలయానికి ఇస్తామని ఆ చిత్రబృందం విడుదలకు ముందే ప్రకటించింది.

* తేజ సజ్జా బాలనటుడిగానే తెలుగువాళ్లకు పరిచయం. 2002లో ‘ఇంద్ర’లో చిన్నప్పటి చిరంజీవిగా కనిపించింది అతడే.

* విజయవాడకు అవతలి వైపు, హైదరాబాద్ దారిలో ఉన్న పరిటాలలో 135 అడుగుల ఆంజనేయ విగ్రహం ఉంది. దాన్ని 2003లో నెలకొల్పారు. అంజనాద్రి విగ్రహాన్ని తెర మీద చూసి మురిసిపోయిన పిల్లలకు దాన్ని చూపించొచ్చు.